ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తే నా తొమ్మిదేళ్ల అనుభవం బూడిదలో పోసిన పన్నీరేనా?

ప్రశ్న: మావారికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. బ్లూ కార్డ్ (నిపుణులైన విదేశీ ఉద్యోగులకు ఇచ్చే పర్మిట్) మీద ముందు ఆయన వెళ్తారు, మూడు నెలల తర్వాత మేం వెళ్లాలి. నేను ఎం.ఫార్మసీ చేసి తొమ్మిదేళ్లుగా ఒక మందుల కంపెనీలో క్వాలిటీ అష్యూరెన్స్‌లో ఉన్నాను. బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. పాపకు రెండున్నర. “బాబును ఏడాది మా దగ్గర ఉంచండి, కుదురుకున్నాక తీసుకెళ్లండి” అంటున్నారు మా అత్తయ్య. నేను ఉద్యోగం మానేస్తే మళ్లీ దొరుకుతుందా? అక్కడ ఫార్మసిస్టుగా చేయొచ్చా?
– ఒక తల్లి, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: డిపెండెంట్ వీసా అనగానే మనవాళ్లకు ఉద్యోగానికి చిక్కులు పెట్టే అమెరికా హెచ్4 గుర్తొచ్చి గుండె జారుతుంది. జర్మనీలో ఆ బాధ లేదమ్మా. బ్లూ కార్డ్ ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చే పర్మిట్ మీద ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు, విడిగా అనుమతి అక్కర్లేదు. వీసా కోసం జర్మన్ భాష పరీక్ష కూడా అడగరు. అడగరు కదా అని ఒక్క ముక్క నేర్చుకోకుండా విమానం ఎక్కేస్తారు చూడండి, అక్కడే అసలు దెబ్బ. మీ ఉద్యోగం మీ డిగ్రీ కంటే రెండు విషయాల మీద ఎక్కువ ఆధారపడి ఉంది. ఒకటి మీ జర్మన్, రెండోది పాపకు దొరికే కిటా సీటు. కిటా అంటే అక్కడి ప్లేస్కూల్.

ముందు ఫార్మసిస్టు సంగతి తేల్చేద్దాం. జర్మనీలో మందుల షాపును అపోతెకే అంటారు. అందులో ఫార్మసిస్టుగా నిలబడాలంటే అప్రోబేషన్ అనే లైసెన్స్ కావాలి. మన డిగ్రీని వాళ్ల డిగ్రీతో పోల్చి చూస్తారు, తేడా ఉందంటే పరీక్ష పెడతారు, దానిపైన సీ1 స్థాయిలో వృత్తి భాషా పరీక్ష (భాషా స్థాయిలు ఏ1తో మొదలై ఏ2, బీ1, బీ2, సీ1 అలా పెరుగుతాయి). ఏళ్లు పట్టే దారి. ఇద్దరు చిన్నపిల్లలతో దాని జోలికి వెళ్లొద్దనే నేను చెబుతాను. మీకు ఆ లైసెన్స్ అవసరమూ లేదు. డీవియేషన్లు, కాపాలు (తప్పును సరిదిద్ది మళ్లీ రాకుండా చూసే చర్యలు), ఆడిట్లు, ఎస్‌ఓపీలు (పని ఎలా చేయాలో రాసిన పద్ధతులు)... మీరు రోజూ చేసే ఈ పని కంపెనీల్లో ఉంటుంది, దానికి అప్రోబేషన్ అడగరు. పైగా మీ వారికి ఉద్యోగం వచ్చిన ఊరు మీకు కలిసొచ్చేదే. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోక్స్ట్ పారిశ్రామిక పార్కులో సనోఫీ అనే మందుల కంపెనీ ఉంది, రైల్లో అరగంట లోపు దూరంలో దార్మ్‌స్టాట్‌లో మెర్క్ ఉంది, కొంచెం దూరంగా ఇంగెల్‌హైమ్‌లో బోరింగర్ ఉంది. రెగ్యులేటరీ, డ్రగ్ సేఫ్టీ విభాగాల్లో ఇంగ్లీషుతో నడిచే ఉద్యోగాలు కొన్ని ఉంటాయి. ప్లాంటుకు దగ్గరగా ఉండే క్యూఏ పనిలో మాత్రం బ్యాచ్ రికార్డులు జర్మన్‌లోనే ఉంటాయి, బీ2 లేకపోతే కష్టం.

అందుకే రాజీనామా ఇచ్చే రోజు కోసం ఆగకుండా ఇప్పుడే భాష మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో గోథే సెంటర్ ఉంది. మీరు బయలుదేరేలోగా ఏ1 పూర్తయి ఏ2లో పడితే చాలు. మిగతాది అక్కడ ఫోక్స్‌హోఖ్‌షూలె అనే ప్రభుత్వ వయోజన విద్యా కేంద్రాల్లో తక్కువ ఫీజుకే నేర్చుకోవచ్చు.

ఇక కాగితాలు. మన దగ్గర సగం మంది పీసీ (ప్రొవిజినల్ సర్టిఫికెట్), సీఎంఎం (మార్కుల మెమో)లతోనే బతుకు లాగించేస్తుంటారు. యూనివర్సిటీ నుంచి ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ తీసుకున్నారా? లేకపోతే ఈ వారమే అప్లై చేయండి. మీ డిగ్రీ వాళ్ల డిగ్రీకి సమానమని అక్కడి కేంద్ర విద్యా సంస్థ నుంచి ఒక పత్రం తెప్పించుకోవాలి, దానికి సుమారు 200 యూరోలు అవుతుంది. ఓడీ లేకుండా అది కదలదు, అక్కడికి వెళ్లాక ఓడీ కోసం తమ్ముణ్ని యూనివర్సిటీ చుట్టూ తిప్పాల్సి వస్తుంది. ఇంకొకటి, మన కంపెనీలు ఇచ్చే రిలీవింగ్ లెటర్ రెండు వాక్యాలు ఉంటుంది. జర్మన్ కంపెనీలకు అది చాలదు. మీరు ఏ పని చేశారో, ఏ ఆడిట్లు ఎదుర్కొన్నారో, ఎలా చేశారో వివరంగా రాసిన పత్రం వాళ్లకు అలవాటు. మీ మేనేజర్‌తో సంబంధం బాగున్నప్పుడే ఒక పేజీ రాయించుకుని సంతకం పెట్టించుకోండి. యూఎస్ ఎఫ్‌డీఏ, యూరప్ తనిఖీల్లో పనిచేసి ఉంటే అది తప్పకుండా అందులో ఉండాలి.

అత్తయ్యగారి మాట దగ్గరకు వస్తాను. ఆవిడది ప్రేమే, కాదనను. కానీ బాబును వదిలి వెళ్లొద్దు. కారణం సెంటిమెంట్ కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్న హెస్సెన్ రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాల నాలుగో తరగతితో అయిపోతుంది. ఆ తర్వాత ఎవరు యూనివర్సిటీ చదువుకు దారితీసే గిమ్నాజియం అనే హైస్కూల్ వైపు, ఎవరు వేరే రకం స్కూల్ వైపు అన్నది పదేళ్ల వయసులోనే తేలిపోతుంది. చివరి మాట తల్లిదండ్రులదే అయినా టీచర్ సిఫారసుకు బరువు ఉంటుంది. బాబు ఇప్పుడు వెళ్తే ఆ మలుపు వచ్చేలోగా జర్మన్ వంటబట్టడానికి రెండేళ్లకు పైగా దొరుకుతుంది. ఏడాది ఆగితే దాన్ని మీ చేతులారా సగం చేసినట్టు. భాష రాని పిల్లలకు అక్కడ స్కూళ్లలో ఇంటెన్సివ్ క్లాసులు పెడతారు, ప్రభుత్వ బడికి ఫీజు లేదు. మొదటి కొన్ని నెలలు వాడు నోరు విప్పకపోవచ్చు. టెన్షన్ పడొద్దు, ఇంట్లో మాత్రం తెలుగు ఆపొద్దు. స్కూలుకైనా కిటాకైనా తట్టు టీకా వేసినట్టు రుజువు చూపాలి, 2020 నుంచి అది చట్టం. పిల్లల టీకాల పుస్తకం చెకిన్ లగేజీలో కాకుండా మీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి.

పాప విషయమే అసలు చిక్కు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ కిటాలో చోటు చట్టబద్ధమైన హక్కే. కానీ చోట్లు తక్కువ, వెయిటింగ్ లిస్టులు పెద్దవి. అందుకే ఇల్లు ఖాయమైన రోజే మీ వారు ఫ్రాంక్‌ఫర్ట్ నగరం వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో పేరు నమోదు చేయాలి, మీరు వచ్చేదాకా ఆగొద్దు. పాపకు మూడేళ్లు నిండితే హెస్సెన్‌లో రోజుకు ఆరు గంటలు ఉచితం. సీటు వచ్చాక కూడా మర్నాడే ఉద్యోగానికి పరిగెత్తలేరు. మొదట కొన్ని వారాల పాటు తల్లో తండ్రో కిటాలోనే కూర్చోవాలి. మోకాళ్లు గడ్డానికి తగిలే ఆ చిన్న కుర్చీలో మీరు కూర్చుంటే పాప బొమ్మల దగ్గరకు వెళ్లి, వెనక్కి తిరిగి చూసి, మళ్లీ వెళ్తుంది. ఒకరోజు మిమ్మల్ని పది నిమిషాలు బయటకు పంపుతారు, తర్వాత అరగంట, తర్వాత రెండు గంటలు. ఈ వారాలను మీ వారు సెలవు పెట్టి చూసుకుంటే మీరు ఇంటర్వ్యూలకు తయారవ్వొచ్చు. ఇది ఇప్పుడే మాట్లాడుకోండి, అక్కడికి వెళ్లాక మాట్లాడుకుందాం అంటే జరగదు.

ఏడాది, ఏడాదిన్నర పాటు ఒక్క జీతమే అనుకుని లెక్క వేసుకోండి. అందుకే మీ వారు ప్రభుత్వ ఆరోగ్య బీమాలోనే చేరాలి. అందులో సంపాదన లేని భార్యకు, పిల్లలకు అదనపు ప్రీమియం లేదు. ప్రైవేటులో తలకొక ప్రీమియం కట్టాలి, ఒకసారి అటు వెళ్తే వెనక్కి రావడం కష్టం. ప్రైవేటు చవక అని ఎవరో ఏజెంట్ చెప్పే మాట పెళ్లికాని కుర్రాళ్లకు పనికొస్తుందేమో, మీకు కాదు. పిల్లల భత్యం 2026లో ఒక్కో బిడ్డకు నెలకు 259 యూరోలు వస్తుంది, అడిగితేనే. అద్దె ఇల్లు చాలాసార్లు కిచెన్ లేకుండా ఇస్తారు, గోడకు పైపులు మాత్రమే ఉంటాయి. ఇల్లు చూసేటప్పుడు మీ వారిని అది అడగమనండి.

ఇంకొక చిన్న సంగతి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేస్తారు, ఆ తర్వాత ట్యాక్స్ నంబర్ పోస్టులో వస్తుంది. పోస్ట్‌బాక్స్ మీద ఉన్న పేరు చూసే ఉత్తరం వేస్తారు, పేరు లేకపోతే వెనక్కి పంపేస్తారు. మీ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉందా? అయితే మీ వారు ఆ డబ్బా మీద తన ఇంటిపేరు పక్కనే మీదీ అంటించాలి. మీకొచ్చే ఇంటర్వ్యూ ఉత్తరం కూడా ఆ డబ్బాలోకే రావాలి.