కారుతోందని బిళ్ల బిగించారా?

ప్రశ్న: పక్షవాతం వచ్చాక మా నాన్నగారికి మింగుడుపడక ఏడు నెలల కిందట పొట్టకు పెగ్ ట్యూబ్ (పొట్ట మీది రంధ్రంలోంచి నేరుగా కడుపులోకి ఆహారం పోసే గొట్టం) వేశారు. ఈమధ్య ట్యూబ్ చుట్టూ పాలు కారి బట్టలు తడుస్తుంటే, బయటి బిళ్లను చర్మానికి ఆనేదాకా బిగించాను. రెండు రోజులు ఆగింది. మళ్లీ కారుతోంది. ఇప్పుడు సిరంజిలో నీళ్లు పోసినా కిందికి దిగట్లేదు, ట్యూబ్ తిరగట్లేదు. పొట్ట కోయాలా డాక్టరు గారూ?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ ట్యూబ్‌లో పోయడం ఆపేయండి. మందులు కూడా వద్దు. నెట్టడం, లాగడం చేయకుండా ఇవాళే ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం గానీ, పొట్ట గట్టిపడటం గానీ ఉంటే ఒక్క గంట కూడా ఆగొద్దు.

ట్యూబ్ లోపలి కొసన బొత్తాం లాంటి బంపర్ ఉంటుంది, బయట బిళ్ల. పొట్ట గోడ ఆ రెంటి మధ్య. బిళ్ల బిగిస్తే గోడకు రక్తం అందక పుండు పడి, బంపర్ అందులోకి దిగబడుతుంది, పైన పొర పెరిగి కప్పేస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం అదే. దీన్ని మేం బరీడ్ బంపర్ అంటాం. కారడం ఆపాలని బిగించడం, బిగించినందుకు ఇంకా కారడం... మీ ఒక్కరి పొరపాటు కాదమ్మా, ఆసుపత్రుల్లోనూ జరుగుతుంది.

పొట్ట కోయాల్సిన అవసరం చాలామందికి రాదు. నోట్లోంచి ఎండోస్కోప్ దించి చూస్తే, బంపర్ ఉండాల్సిన చోట ఉబ్బెత్తు, దాని నడుమ చిన్న గుంట కనిపిస్తాయి. బంపర్ అంచు కడుపు లోపలి వైపు ఇంకా కనిపిస్తుంటే కడుపులోకి నెట్టి విడిపిస్తాం. పూర్తిగా కప్పుకుపోతే, కరెంటుతో కోసే సన్నని కత్తితో పొరను కొద్దికొద్దిగా చీల్చి బంపర్‌ని బయటపెడతాం. కడుపు గోడ దాటి పోయిందేమోనని స్కాన్ తీయిస్తారు, దాటితేనే సర్జన్ మాట. నాన్నగారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడుతుంటే మొదటే చెప్పండి, కోసేచోట రక్తం త్వరగా ఆగకపోవచ్చు. మీ అంతట మీరు మాత్రం మానేయకండి.

కారుతోందని లావు ట్యూబ్ వేయమని అడగొద్దు, రంధ్రమే పెద్దదవుతుంది. దగ్గు, మలబద్ధకం, పాలు గబగబా పోయడం – కారణం ఎక్కువగా వీటిలోనే దొరుకుతుంది.

కొత్త ట్యూబ్ కుదురుకున్నాక, డాక్టరు సరేనంటే, వారానికోసారి బిళ్ల వదులు చేసి రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి తోసి, ఒక చుట్టు తిప్పి, మళ్లీ వెనక్కి తెచ్చుకోండి. ట్యూబ్ కొస పేగులోకి పోయిన రకమైతే తిప్పకూడదు. బిళ్లకూ చర్మానికీ మధ్య సెంటీమీటరు దాకా వదులుండాలి. ట్యూబ్ మీద అంకెలుంటాయి చూడండి, బిళ్ల ఏ అంకె దగ్గరుందో గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.