ముందు అభ్యాసానికి క్లబ్బు, ఆ తరువాతే వృత్తి సంఘం

ప్రశ్న: మా అమ్మాయి రాజమహేంద్రవరంలో బి.కాం. చివరి సంవత్సరం చదువుతోంది. బడిలో చదివే రోజుల నుంచీ వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెచ్చుకుంటోంది. ఉద్యోగంలో చేరకుండా వక్తగా, శిక్షకురాలిగా స్థిరపడతానని అంటోంది. అందుకోసం అంతర్జాతీయ వక్తల సంఘంలో సభ్యత్వం తీసుకోవాలని, ‘సర్టిఫైడ్ స్పీకర్’ అనే రెండు రోజుల కోర్సుకు నలభై వేలు కట్టాలని అడుగుతోంది. వీటి వల్ల ఉపాధి దొరుకుతుందా? క్లబ్బు సమావేశాలు సాయంత్రాల్లో జరుగుతాయట. అమ్మాయిని పంపవచ్చునా? – ఒక తండ్రి

జవాబు: నమస్కారమండీ. మన దేశంలో న్యాయవాదిగా కోర్టులో వాదించాలంటే బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి, చార్టర్డ్ అకౌంటెంట్‌గా ఆడిట్ నివేదికపై సంతకం చేయాలంటే ఆ ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వం ఉండి తీరాలి. వక్తకు గానీ, వ్యక్తిత్వ వికాస శిక్షకులకు గానీ అటువంటి చట్టబద్ధమైన నిబంధన ఏదీ లేదు. కాబట్టి ఏ సంఘంలో చేరినా, ఎవరు ఏ సర్టిఫికెట్ ఇచ్చినా, అది వేదిక ఎక్కడానికి అనుమతి పత్రం కాదు, ఉపాధికి హామీ అంతకన్నా కాదు. అయినా సభ్యత్వం వృథా అని నేను చెప్పడం లేదు. మాట్లాడడం నేర్పే సంఘాలు వేరు, మాట్లాడి సంపాదించేవారు కలిసి పెట్టుకున్న సంఘాలు వేరు. మీ అమ్మాయికి ఇప్పుడు కావలసినవి మొదటి రకంవి.

వాటిలో అందరికీ తెలిసినది టోస్ట్‌మాస్టర్స్ ఇంటర్నేషనల్. 1924 అక్టోబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాంటా ఆనా పట్టణంలో, వై.ఎం.సి.ఎ. భవనంలో రాల్ఫ్ స్మెడ్లీ తొలి సమావేశం జరిపారు. లాభాపేక్ష లేని ఈ సంస్థకు నేడు వందకు పైగా దేశాల్లో క్లబ్బులున్నాయి, హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండినవారు ఎవరైనా చేరవచ్చు. అక్కడ పాఠం చెప్పే గురువు ఉండరు, సభ్యులే వంతులవారీగా మాట్లాడి, వంతులవారీగా ఒకరి ప్రసంగాన్ని మరొకరు విశ్లేషిస్తారు. తొలి ప్రసంగాన్ని ‘ఐస్ బ్రేకర్’ అంటారు, నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో సభ్యులు తమను తాము పరిచయం చేసుకోవాలి. ఆ తరువాత ‘పాత్‌వేస్’ అనే పాఠ్యక్రమంలో ఒక మార్గాన్ని ఎంచుకొని, అందులోని ఐదు స్థాయిలను ఒక్కొక్కటిగా పూర్తి చేస్తూ వెళ్లాలి.

ఈ పద్ధతిలో మీ అమ్మాయికి అన్నింటికన్నా మేలు చేసేది ‘టేబుల్ టాపిక్స్’ అని నేను నమ్ముతున్నాను. అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్నకు లేచి నిలబడి, ఒకటి రెండు నిమిషాల్లో తడుముకోకుండా సమాధానం చెప్పాలి. మన పాఠశాలల వక్తృత్వ పోటీలు పిల్లలకు సభాపిరికితనం పోగొడతాయి, అది చిన్న మేలు కాదు. కానీ వాటితో పాటే కొన్ని అలవాట్లు కూడా అంటుకుంటాయి. ఉపాధ్యాయుడో తండ్రో రాసిచ్చిన వ్యాసాన్ని కంఠస్థం చేయడం, ‘గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు’ అని మొదలుపెట్టి చివరి వరకు ఒకే స్థాయి గొంతుతో చెప్పుకుపోవడం, చప్పట్ల కోసం చివర ఒక పద్యమో సూక్తో జోడించడం ఇటువంటివే. బహుమతులు ఎక్కువ వచ్చినవారిలో ఈ అలవాట్లు మరింత గట్టిగా పాతుకుపోయి ఉంటాయి. ఒక కంపెనీ శిక్షణ గదిలో ముప్ఫై మంది ఉద్యోగులు మధ్యాహ్న భోజనం ముగించి కూర్చున్నప్పుడు, వారిలో ఒకరు మధ్యలో చేయి ఎత్తి ప్రశ్న వేసినప్పుడు, కంఠస్థం చేసినది ఏదీ అక్కరకు రాదు. ఎదుటివారి ముఖం చూసి, మాటను అక్కడికక్కడే మలచుకునే నేర్పు కావాలి. అది సాధనతో తప్ప రాదు, ఆ సాధనకు వారం వారం ఒక చిన్న సభ దొరకడం అరుదైన అవకాశం.

అంతే విలువైనది విశ్లేషణ. ప్రసంగం పూర్తయ్యాక ఎవాల్యుయేటర్‌గా నియమితులైన సభ్యుడు రెండు మూడు నిమిషాల్లో మంచిచెడ్డలు చెబుతారు. ‘ఆ-కౌంటర్’ బాధ్యత తీసుకున్నవారు ‘అంటే’, ‘సో’, ‘యాక్చువల్లీ’ వంటి ఊతపదాలు ఎన్ని దొర్లాయో లెక్క చెబుతారు, టైమర్ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో సమయం చూపిస్తారు. మనవారికి ఎదుటి మనిషి లోపం ఎత్తిచూపాలంటే మొహమాటం ఎక్కువ కనుక, కొన్ని క్లబ్బుల్లో విశ్లేషణ పొగడ్తల దండకంగా మిగిలిపోతుంది. అందువల్ల చేరే ముందు రెండు మూడు క్లబ్బులకు అతిథిగా వెళ్లి చూడమనండి, అతిథులు రుసుము చెల్లించనక్కరలేదు. ‘చాలా బాగుంది’ అని ఊరుకోకుండా ‘మీరు రెండో ఉదాహరణ దగ్గర శ్రోతల వైపు చూడడం మానేశారు’ అని చెప్పగలిగినవారున్న క్లబ్బును ఎంచుకోవాలి. ఐటీ సంస్థల లోపల నడిచే క్లబ్బులు సాధారణంగా ఆ సంస్థ ఉద్యోగులకే పరిమితం కనుక, అందరికీ ప్రవేశమున్న కమ్యూనిటీ క్లబ్బులనే వెతకాలి.

ఖర్చు విషయం: 2023 అక్టోబరులో ఈ సంస్థ ఆరు నెలల రుసుమును 45 డాలర్ల నుంచి 60 డాలర్లకు పెంచింది. కొత్తగా చేరేవారు మొదటిసారి మరో 20 డాలర్లు చెల్లించాలి, కొన్ని క్లబ్బులు తమ ఖర్చుల కోసం ఇంకొంత తీసుకుంటాయి. రూపాయల్లో ఎంత అవుతుందో క్లబ్బు కోశాధికారిని అడిగి, రసీదు తీసుకొని చెల్లించండి. విద్యార్థికి ఇది తేలిక మొత్తం కాదు. కనుక ఒక ఏడాది కచ్చితంగా హాజరు కాగలిగితేనే చేరడం మంచిది.

మీ ఊరికి దగ్గరలో క్లబ్బు లేకపోతే జేసీఐ (జూనియర్ ఛాంబర్ ఇంటర్నేషనల్) అనే యువజన సంస్థను కూడా చూడండి. పెద్దలు ఇప్పటికీ ‘జేసీస్’ అని పిలిచే ఈ సంస్థలో 18 నుంచి 40 ఏళ్ల వయసువారు సభ్యులుగా ఉంటారు. వక్తృత్వ శిక్షణ, శిక్షకులకు శిక్షణ దాని కార్యక్రమాల్లో ముఖ్యమైనవి. జోన్ ట్రైనర్, నేషనల్ ట్రైనర్ వంటి మెట్లు ఎక్కుతూ వెళ్లవచ్చు. తెలుగు జిల్లాల్లో వ్యక్తిత్వ వికాస తరగతులు చెప్పేవారిలో అక్కడ మాట నేర్చుకున్నవారు చాలామందే కనిపిస్తారు. పైగా అక్కడ తెలుగులో మాట్లాడే అవకాశం దొరుకుతుంది. టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు మన దగ్గర ఎక్కువగా ఇంగ్లీషులో నడుస్తాయి, తెలుగులో నడిపేవి కూడా ఉన్నాయి, ముఖ్యంగా అమెరికాలోని తెలుగువారు వాటిని శ్రద్ధగా నిర్వహించుకుంటున్నారు. కోస్తా జిల్లాల్లో శిక్షకురాలిగా బతకదలచిన అమ్మాయికి రెండు భాషల్లోనూ ధారాళంగా మాట్లాడగలగడం అవసరం. తెలుగు ఎలాగూ వచ్చు కదా అని దాని సాధన వదిలేయవద్దని నా మాటగా చెప్పండి.

ఇక రెండో రకం, వృత్తి సంఘాలు. అమెరికాలో నేషనల్ స్పీకర్స్ అసోసియేషన్‌ను 1973లో కావెట్ రాబర్ట్ స్థాపించారు. పారితోషికం తీసుకొని మాట్లాడేవారి కోసం పుట్టిన సంఘమది. 1980 నుంచి అది ఇస్తున్న సి.ఎస్.పి. (సర్టిఫైడ్ స్పీకింగ్ ప్రొఫెషనల్) అనే గుర్తింపు పరీక్ష రాస్తే వచ్చేది కాదు, కొన్నేళ్లపాటు డబ్బు తీసుకొని చేసిన ప్రసంగాల చరిత్రను, పిలిచిన సంస్థల అభిప్రాయాలను పరిశీలించి ఇచ్చేది. మన దేశంలోనూ ప్రొఫెషనల్ స్పీకర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉంది. ఇటువంటి సంఘాల్లో జరిగే చర్చలు పారితోషికం ఎంత అడగాలి, ఒప్పందంలో ఏమి రాసుకోవాలి, కార్యక్రమం రద్దయితే ఏమి చేయాలి, ఒక విషయంలో పేరు ఎలా తెచ్చుకోవాలి అన్న ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. ఇంకా ఒక్క రూపాయి కూడా పారితోషికం అందుకోని విద్యార్థినికి ఆ చర్చల్లో పట్టు దొరకదు. మొదటి నాలుగైదు సంస్థలు డబ్బిచ్చి పిలిచి, మళ్లీ పిలిచిన తరువాత ఆమె ఆ తలుపు తట్టడం సబబు. అప్పుడు ఆ సభ్యత్వం వల్ల తోటివారి అనుభవం, వారు తమకు తీరిక లేక వదులుకున్న కార్యక్రమాలు కూడా అందుతాయి.

మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట మరొకటుంది, నిజానికి నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది అదే. వక్తను డబ్బిచ్చి పిలిచేవారు మాట తీరు కోసం మాత్రమే పిలవరు, ఆ మనిషికి తెలిసిన విషయం కోసం పిలుస్తారు. ‘మోటివేషనల్ స్పీకర్’ అని పరిచయం చేసుకునే ఇరవై రెండేళ్ల వ్యక్తిని చూసి ఏ మానవ వనరుల అధికారి అయినా ముందు అడిగే ప్రశ్న, ‘ఏ విషయం మీద?’ అనే. మీ అమ్మాయి చదువుతున్న బి.కాం.లోనే దానికి సమాధానం ఉంది. తొలి జీతం అందుకుంటున్న యువ ఉద్యోగులకు పొదుపు, బీమా, ఆదాయపు పన్ను గురించి చెప్పడం, స్వయం సహాయక బృందాల మహిళలకు లెక్కల పుస్తకం నిర్వహణ నేర్పడం, చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు అర్థమయ్యే భాషలో వివరించడం వంటివి ఆమె చేయదగిన పనులు. వీటికి ఎప్పుడూ శ్రోతలుంటారు, చెప్పగలిగినవారే తక్కువ. అందుకే డిగ్రీ అయిన వెంటనే పూర్తిగా వేదికనే నమ్ముకోకుండా, రెండు మూడేళ్లు ఒక బ్యాంకులోనో, ఆడిట్ కార్యాలయంలోనో, శిక్షణ సంస్థలోనో ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో మాట్లాడే అవకాశాలు వెతుక్కోమని నా సలహా. ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రాంగణ నియామకాలకు ముందు జరిగే సీఆర్‌టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) తరగతులకు శిక్షకులు కావాలి. తెలంగాణలో టాస్క్ (తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్), ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ చేపట్టే శిక్షణలను కూడా గమనిస్తూ ఉండాలి.

శిక్షణ రంగమే జీవితమని ఆమె తేల్చుకుంటే, 1970లో ఏర్పడిన ఇండియన్ సొసైటీ ఫర్ ట్రైనింగ్ అండ్ డెవలప్‌మెంట్ శిక్షణ, అభివృద్ధి విషయాల్లో డిప్లొమా కోర్సు నిర్వహిస్తోంది. శిక్షణ అవసరాన్ని ఎలా గుర్తించాలి, తరగతిని ఎలా రూపొందించాలి, ఫలితాన్ని ఎలా కొలవాలి అన్నవి అటువంటి చోట పద్ధతిగా నేర్చుకోవచ్చు. కంపెనీల శిక్షణ విభాగాల్లో ఉద్యోగానికి వెళ్లినప్పుడు క్లబ్బు సభ్యత్వం కన్నా ఇటువంటి చదువుకే ఎక్కువ విలువ ఉంటుంది.

నలభై వేల కోర్సుకు మాత్రం ఇప్పుడు డబ్బు కట్టవద్దు. ఆ సర్టిఫికెట్‌ను ఏ సంస్థలు గుర్తిస్తాయో రాతపూర్వకంగా చెప్పమనండి, గతంలో పూర్తి చేసినవారిలో కొందరితో నేరుగా మాట్లాడనివ్వమనండి, ఆ రెండు రోజుల్లో ఒక్కొక్కరికి వేదికపై ఎన్ని నిమిషాలు దొరుకుతాయో అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు చాలు. అరవై మంది కూర్చున్న హాలులో ఒక్కొక్కరికి దొరికేది నాలుగైదు నిమిషాలే అయితే, అంతకు ఎన్నో రెట్ల సాధన క్లబ్బులో, చాలా తక్కువ ఖర్చుతో దొరుకుతుంది.

సాయంత్రపు సమావేశాల గురించి మీ సందేహం సహజమే. సమావేశం సాధారణంగా గంట నుంచి రెండు గంటల్లో ముగుస్తుంది, వారాంతపు ఉదయాల్లో కలిసే క్లబ్బులూ ఉన్నాయి, కోవిడ్ తరువాత అంతర్జాలంలో కలిసే క్లబ్బులు కూడా పెరిగాయి. మొదటిసారి మీరూ అతిథిగా వెంట వెళ్లి, ఆ మనుషులను, ఆ వాతావరణాన్ని చూసి రండి. ఒకప్పుడు టోస్ట్‌మాస్టర్స్ సంస్థ తన క్లబ్బుల్లోకి స్త్రీలను అనుమతించేది కాదు. 1970లో హెలెన్ బ్లాంచర్డ్ అనే ఆమె ‘హోమర్’ అనే మగపేరుతో సభ్యత్వం తీసుకోవలసి వచ్చింది. 1973లో ఆ నిబంధన తొలగింది, 1985లో ఆమే ఆ సంస్థకు తొలి మహిళా అంతర్జాతీయ అధ్యక్షురాలయ్యారు. నేడు క్లబ్బుల్లో అధ్యక్ష బాధ్యతలు స్త్రీలు నిర్వహించడం మామూలు విషయం. మీ అమ్మాయి కూడా చేరిన మొదటి ఏడాది ప్రసంగాలపై దృష్టి పెట్టి, రెండో ఏడాది కార్యదర్శి పదవో, కార్యక్రమాలను రూపొందించే విద్యా విభాగపు ఉపాధ్యక్ష పదవో అడిగి తీసుకోవాలి. సభను ఏర్పాటు చేయడం, వక్తలను ఒప్పించడం, సమయానికి ముగించడం అక్కడే చేతికి వస్తాయి. పరీక్షలు ముగిసిన వారంలోనే టోస్ట్‌మాస్టర్స్ వెబ్‌సైటులో ఊరి పేరు ఇచ్చి క్లబ్బులను వెతకమనండి. దగ్గరలో ఏదీ కనిపించకపోతే అంతర్జాలంలో కలిసే క్లబ్బుకు అతిథిగా వస్తానని వారికి ఒక ఉత్తరం రాయమనండి.