రివ్యూలు, డేటా అందరికీ చూపిస్తే కొత్తవాళ్ళకి నష్టమా?

పీహెచ్‌డీలో చేరాననీ, రివ్యూ రిపోర్టులూ (పేపర్ అచ్చువేసే ముందు దాన్ని పరీక్షించిన నిపుణులు, అంటే రివ్యూయర్లు, రాసే అభిప్రాయాలు) కొలతలూ బయటపెట్టే జర్నల్‌కి పేపర్ పంపమంటున్నారనీ, తప్పు దొరికితే పరువు పోదా అనీ అడిగారు. ఆ భయం నాకూ ఉండేది. నాకు జరిగింది చెబుతాను.

మాది బరంపురం. గోపాల్‌పూర్ వైపు మన తెలుగు జాలర్ల పేటల్లో బావినీళ్ళ ఉప్పదనం కొలిచాను. మొదట పంపిన జర్నల్ నుంచి తొమ్మిది నెలలకి రెండు వాక్యాలొచ్చాయి, తీసుకోలేమని. ఎవరు చదివారో, అసలు చదివారో లేదో తెలీదు. చాలా బాధపడ్డాను.

రెండోసారి రివ్యూలు బయటపెట్టే జర్నల్‌కి పంపాను. రివ్యూయర్ తన పేరుతోనే అడిగారు: "32 బావులు కొలిచామన్నారు, టేబుల్‌లో 30 ఉన్నాయి. మిగతా రెండూ ఏవి?" చెమటలు పట్టాయి. అన్నిచోట్లా వందల్లో వచ్చిన రీడింగ్ ఆ రెండిట్లో 2.9, 3.4 అని ఉంటే, మీటర్ పాడైందనుకుని నేనే తీసేశాను.

ఆ రాత్రి ఫీల్డ్ నోట్‌బుక్ తీశాను. తడిసి ఉబ్బిన పేజీలో 3.4 పక్కన పెన్సిల్‌తో సన్నగా 'మిల్లీ' అని ఉంది. నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి ఉప్పదనం చెప్పే ఆ మీటర్, ఉప్పు ఎక్కువైతే మైక్రోసీమెన్స్ నుంచి దానికి వెయ్యి రెట్లు పెద్ద యూనిట్ అయిన మిల్లీసీమెన్స్‌కి దానంతటదే మారుతుంది. అంటే అది 3400. నేను పారేసిన రెండు బావులే అన్నిటికన్నా ఉప్పనివి! దాని కిందే ఇంకో ముక్క: "పప్పు ఉడకదట". ఆ బావి దగ్గర మామ్మ నాతో అంది, "ఈ నీళ్ళకి పప్పుడకదు తల్లీ, పంపు కాడ్నించి మోసుకొస్తాం" అని. ఆవిడ మాట రాసుకుని కూడా నేను పట్టించుకోలేదు. ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

సరిదిద్ది పంపాను. ఆ ప్రశ్నా, నా జవాబూ పేపర్ పక్కనే ఉన్నాయి. పరువేం పోలేదు. వాళ్ళ మీటరూ అలాగే మారుతోందని శ్రీకాకుళం నుంచి ఒక విద్యార్థిని నాకు రాసింది.

డేటా దాచితే ఎంత దూరం పోతుందో 2020లో చూశాం. కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడడం మీద లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో మే 22న వచ్చిన పేపర్‌కి అసలు డేటా చూపించమంటే, ఆ డేటా సమకూర్చిన సర్జిస్ఫియర్ కంపెనీ ఇవ్వలేదు. జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు. ఈలోపే డబ్ల్యూహెచ్‌ఓ తన ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని కొన్నాళ్ళు ఆపేసింది.

రివ్యూయర్ పేరు సంగతి మాత్రం వేరు. రేపు ఉద్యోగం ఇవ్వాల్సిన ప్రొఫెసర్ పేపర్‌ని విమర్శించి సంతకం పెట్టమంటే కుర్రవాళ్ళకి టెన్షనే. బీఎంజే అనే వైద్య జర్నల్ 1999 నుంచే రివ్యూయర్ల పేర్లు రచయితలకి చెబుతోంది. నేచర్ జర్నల్ 2025 జూన్ నుంచి కొత్తగా వచ్చే పరిశోధన పేపర్లన్నిటికీ, అచ్చయ్యాక రివ్యూలు బయటపెడతామంది, పేరు చెప్పడం రివ్యూయర్ ఇష్టానికే వదిలింది. నాకు ఈ పద్ధతే నచ్చింది.

ఇంకొకటి, డేటా పెట్టేటప్పుడు బావి యజమానుల పేర్లు తీసేయండి. వాళ్ళు మనకి నీళ్ళిచ్చారు, పేరు అచ్చువేయమనలేదు. రీడింగ్ తీసిన ప్రతిసారీ యూనిట్ కనపడేలా మీటర్‌ని ఫోటో తీసుకోండి. నేనిప్పుడు అలాగే చేస్తున్నాను.