ఫొటోగ్రాఫర్ మిత్రులతో పుట్టినరోజు, గండికోట వైపు భోజనాలు

కర్నూలు నుంచి ఐదుగురు ఫొటోగ్రాఫర్లు గండికోట వచ్చి, మీలో ఒకరి పుట్టినరోజు చేసుకోవాలనుకుంటున్నామని రాశారు. ఫొటోలూ కుదరాలి, భోజనమూ బాగుండాలి, రోజంతా ఎలా వేసుకోవాలి అని అడిగారు. మాది ప్రొద్దుటూరు. ఇరవై రెండేళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. నా నలభై ఐదో పుట్టినరోజుకి మేం ఏడుగురం సరిగ్గా ఇదే పని చేశాం కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు తేదీ చూసుకోండి. హోటల్ గురించి, కేక్ గురించి తర్వాత ఆలోచించవచ్చు. నేను పుట్టింది మే నెలలో. మే అంటే మాకు ఊపిరి సలపని సీజన్. ఒక్కోరోజు పొద్దున ఒక ముహూర్తం, రాత్రికి ఇంకోచోట రిసెప్షన్. ఆ నెలలో ఏడుగురు ఫొటోగ్రాఫర్లను ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు. అంతకుముందు రెండుసార్లు ప్రయత్నించాం. ఒకసారి ముగ్గురొచ్చారు, ఇంకోసారి ఇద్దరు. వచ్చిన ఆ ఇద్దరూ గడియారం చూసుకుంటూనే తిన్నారు. అందుకే నలభై ఐదోది ఆషాఢానికి జరిపాం. మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు, పుట్టినరోజును వాయిదా వేయడమేంటంది. అసలు రోజున ఇంట్లో పాయసం చేసింది, గుడికి వెళ్లొచ్చాం. మిత్రులతో భోజనం మాత్రం ఆషాఢంలో.

మీరూ పంచాంగం ముందు పెట్టుకోండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, లేదంటే మూఢం ఉన్న రోజులు. ఈ రోజుల్లో పెళ్లి ఆర్డర్లు ఉండవు కాబట్టి మనసు తేలిగ్గా ఉంటుంది. మాలో ఇద్దరు కడప భాయ్‌లు ఉన్నారు, వాళ్లకు నిఖా ఆర్డర్లు ఆషాఢంలోనూ ఉంటాయి, అందుకని వాళ్లను అడిగాకే రోజు ఖాయం చేశాం. శనివారం పెట్టుకోవద్దు. మన సీమలో శనివారం మాంసం ముట్టనివాళ్లు చాలామంది, మాలోనే ముగ్గురున్నారు. తొలి ఏకాదశి వచ్చేదీ ఆషాఢంలోనే, అదీ చూసుకోండి. మేం బుధవారం పెట్టుకున్నాం.

భోజనం గురించి ఇంత పట్టుదల ఎందుకో మీకు నేను చెప్పనక్కర్లేదు, మీదీ ఇదే పని. అయినా చెప్తాను, ఎందుకంటే నా ప్లాన్ అంతా దాని మీదే నడిచింది. పెళ్లిలో మనం తినేది ఆఖరి బంతిలో. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అరుంధతి, తర్వాత స్టేజీ మీద బంధువుల గ్రూపులు. మొదటి బంతి కూర్చున్నప్పుడు ఆ బంతినే వీడియో తీస్తూ ఉంటాం. మన వంతు వచ్చేసరికి మూడు దాటుతుంది. అన్నం గట్టిపడి ఉంటుంది, పప్పు చల్లారి పైన పొర కట్టి ఉంటుంది, వడలు అయిపోయి ఉంటాయి. పక్క వరసలో కుర్రాళ్లు టేబుళ్లు మడిచేస్తుంటారు. మెడలో ఒక కెమెరా, ఒళ్లో ఒకటి, కింద లైటు బ్యాగు కాళ్ల మధ్య. ఎడమ చెయ్యి కెమెరా మీద నుంచి తియ్యం. సగం తినేలోపు ఎవరో వచ్చి ‘అన్నా, అప్పగింతలు మొదలయ్యాయి’ అంటారు. అంతే, చెయ్యి కడుక్కుని పరుగు. ఏళ్ల తరబడి ఇలా తింటున్న మనుషులకు పుట్టినరోజు పేరుతో ఒక్కపూటైనా వేడివేడిగా, నిదానంగా, పక్కపక్కన కూర్చుని తినే భోజనం దొరకాలి. నాకు కావలసిన కానుక అదొక్కటే. వాళ్లకూ అదే చెప్పాను.

ఇక గండికోట. కర్నూలు నుంచి తెల్లవారుజామున బయల్దేరితే సూర్యోదయం అందదు. ముందు రోజు సాయంత్రానికే వచ్చేయండి. కోట దగ్గరే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, లేదంటే జమ్మలమడుగులో ఉండొచ్చు, అక్కడి నుంచి కోట పదిహేను కిలోమీటర్లే. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన లోయ అది. పక్కవాటు వెలుగు పడితే ఆ ఎర్రరాళ్ల దొంతరలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. కానీ ఆషాఢంలో మబ్బుకు సిద్ధపడే రండి. మేం ఐదుంబావుకే లోయ అంచుకు చేరాం. ఆరున్నర దాకా చూశాం, సూర్యుడు రాలేదు. గాలికి ట్రైపాడ్ నిలవలేదు. లోయంతా చదునుగా, బూడిద రంగులో ఉండిపోయింది. అక్కడే మొండికేసి కూర్చోకుండా కోట లోపలికి వచ్చేశాం. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ దగ్గరదగ్గరే ఉన్నాయి. మసీదు తోరణాల కింద నిలబెట్టి ఒకరినొకరం తీసుకున్నాం. మబ్బు వెలుగు ముఖాలకు చాలా మంచిది, నీడలు గట్టిగా పడవు. నా స్టూడియో బోర్డు మీద ఇప్పుడున్న నా ఫొటో ఆరోజు మైదుకూరు తమ్ముడు తీసిందే. డ్రోన్ తెస్తుంటే మాత్రం ముందే అనుమతి తీసుకోండి, పురావస్తు శాఖ వాళ్ల చోటు అది.

టిఫిన్‌కి జమ్మలమడుగు వచ్చి ఎర్రకారం దోశ తిన్నాం. పెనం మీద ఉండగానే ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు. ఒక్కొక్కటితో ఆపండి, మధ్యాహ్నానికి కడుపులో చోటుండాలి.

మధ్యాహ్నం భోజనానికి మేం హోటల్‌కి వెళ్లలేదు. జమ్మలమడుగు మిత్రుడి పెద్దమ్మ పక్క పల్లెలోనే ఉంటారు. సంగటి, నాటుకోడి పులుసు ఆమె చేస్తానన్నారు. మీకు అలా ఎవరూ లేకపోతే అడగండి, ఇంట్లో వండిపెట్టేవాళ్లు ఈ వైపు దొరుకుతారు. ముందు రోజే లెక్క చెప్పి, అడ్వాన్సు ఇవ్వాలి. ఏడుగురికి రెండు కోళ్లనుకున్నాం, మూడు పట్టాయి. కోళ్లను మా కడప భాయ్ చేతే హలాల్ చేయించాం. ముందు అడక్కపోయుంటే వాళ్లిద్దరూ మొహమాటానికి ఊరుబిండి, అంటే వేరుశెనగ పచ్చడితో తిని లేచేవాళ్లు. ఇలాంటివి వాళ్లు నోరు తెరిచి చెప్పేదాకా ఆగకూడదు.

పెరట్లో కట్టెల పొయ్యి మీద సంగటి. ఎసట్లో బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కదపకుండా మూత పెట్టారు. పిండి ఆవిరికి ఉడికాక కుండను రెండు పాదాలతో అదిమి పట్టుకుని కట్టెతో గెలికారు. నెయ్యి తడి చేసిన చేత్తో ముద్ద తిప్పి ఆకులో వేసేసరికి దాని మీద మెరుపు. పక్కన మా తాడిపత్రి అన్న మోకాళ్ల మీద కూర్చుని తీస్తున్నాడు, లెన్సుకు ఆవిరి కమ్మేసింది, తుడిచి మళ్లీ తీశాడు. ఆవిరి ఫొటోలో కనిపించాలంటే వెలుగు వెనక నుంచి రావాలి, వెనకాల చీకటిగా ఉండాలి. వాకిలి వెలుగుకు ఎదురుగా కూర్చుని తీస్తే చాలు, ఫ్లాష్ వెయ్యకండి.

ఇక్కడ ఒక పద్ధతి పెట్టుకున్నాం, మీరూ పెట్టుకోండి. ముందు ఒక్క విస్తరి మాత్రమే వడ్డించి, దాన్ని పది నిమిషాలు అందరూ తీసుకోవాలి. ఆ తర్వాత కెమెరాలన్నీ బ్యాగుల్లో పెట్టి నులక మంచం మీద వేసెయ్యాలి. అప్పుడు మిగతా ఆకులు వెయ్యాలి. ఈ పద్ధతి లేకే అంతకుముందు ఏడాది భోజనం పాడైంది. ఒక హోటల్లో ప్రతివాళ్లూ తమ ప్లేటును తీసుకుంటూ కూర్చుంటే బిర్యానీ చల్లారిపోయింది. మాలో వయసులో పెద్దాయనకు షుగర్, ఆకలికి ఆగలేక తనొక్కడే తినేసి లేచాడు. ఆ సంగతి ఇప్పటికీ నాకు బాధే.

మేం ఏడుగురం వరసగా కూర్చున్నాం. పెద్దమ్మ కొడుకులు, మనవళ్లు కూడా ఆకలితోనే ఉన్నారు, వాళ్లనూ రమ్మన్నాం. ఆమె ఒప్పుకోలేదు. “పెండ్లిండ్లలో మీరు తినేది ఎప్పుడో నాకు తెలుసు నాయనా. ఈపొద్దు మొదటి బంతి మీదే. వాళ్లు తర్వాత తింటారు” అన్నారు. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు, పైన పులుసు. ఎవరం మాట్లాడలేదు చాలాసేపు. మైదుకూరు తమ్ముడు మాత్రం, “అన్నా, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయన్నా” అన్నాడు.

కేక్ తీసుకురావొద్దనే నా సలహా. తెచ్చినా ముఖానికి పూసే పని పెట్టుకోవద్దు. ఒకసారి అలా పూసుకుంటుంటే క్రీమ్ నా లెన్సు రింగులోకి పోయింది. బెంగళూరు పంపి బాగు చేయించాల్సి వచ్చింది, మూడు వారాలు అద్దె లెన్సుతో పెళ్లిళ్లు తీశాను. ఈసారి ఓళిగలు (బొబ్బట్లు) చేయించాం. మొదటిది ఆ పెద్దాయన నా నోట్లో పెట్టాడు, ఆయన కోసమని చక్కెర లేని పాలు పెద్దమ్మ విడిగా తెచ్చారు.

తిన్నాక అరుగు మీద అందరం ఒక ఫొటో. పదకొండేళ్ల స్నేహంలో ఏడుగురం ఒకే ఫ్రేములో ఉన్నది అదొక్కటే. ఎప్పుడూ ఎవరో ఒకరు కెమెరా వెనక ఉండాల్సిందే కదా. టైమర్ పెడితే పెట్టినవాడు పరుగెత్తుకొచ్చి కూర్చోవడంలోనే ముఖం చెడుతుంది. కెమెరా కంపెనీ యాప్ ఫోన్లో వేసుకుని, వైఫైతో కలిపి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని నొక్కండి. బయల్దేరే ముందు ఇంట్లోనే ఒకసారి కలిపి చూసుకోండి.

సంగటి తిన్నాక బెలూం గుహలకు మాత్రం వెళ్లొద్దు. దారిలోనే కదా అనిపిస్తుంది, కానీ లోపల ఉక్క, చెమట, నిండు కడుపుతో నడవలేరు. మర్నాడు కర్నూలు తిరిగి వెళ్లేటప్పుడు పొద్దున్నే చూడండి. ఆరోజు సాయంత్రానికి మైలవరం డ్యామ్ కట్ట చాలు, నాలుగు తర్వాత బయల్దేరండి.

మీ మిత్రుడి పుట్టినరోజు ఏ నెలలో, ఐదుగురిలో మాంసం తిననివాళ్లు ఎందరో రాయండి. వాళ్లకు సంగటిలోకి గోంగూర పప్పు, ఊరుబిండి చేయమని పెద్దమ్మను నేనే అడుగుతాను. ఎవరొచ్చినా మూడు రోజులు ముందు చెప్పమన్నారు.