యూరప్ చర్చలు వింటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువులున్నాయి. అమ్మాయి బీఏ పొలిటికల్ సైన్స్ చివరి సంవత్సరం. రాత్రి పన్నెండు దాకా ఫోన్లో యూరప్ విదేశాంగ విధానం మీద చర్చలు వింటుంది. బ్రస్సెల్స్‌లో యూరోపియన్ యూనియన్ దౌత్యవేత్తనవుతానంటోంది. గ్రూప్స్‌కి చదవమంటే వినదు. ఈ చదువుకి ఉద్యోగాలున్నాయా? – ఒక తండ్రి

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తానండీ. యూరోపియన్ యూనియన్ దౌత్య విభాగంలో పర్మనెంట్ ఉద్యోగానికి సభ్య దేశం పౌరసత్వం ఉండాలి. మన పాస్‌పోర్టుతో కుదరదు. యూనియన్ పరిపాలన చూసే యూరోపియన్ కమిషన్ ఇచ్చే ఐదు నెలల ట్రైనీషిప్‌లో మాత్రం బయటి దేశాల వాళ్లకు కొద్దిపాటి సీట్లుంటాయి. ఈ సంగతి అమ్మాయికి ఇవాళే చెప్పండి, తిట్టినట్టు కాకుండా.

అలాగని చర్చలు వినడం టైంపాస్ అని తీసిపారేయకండి. ఎలా వింటోందో చూడాలి. 2023 డిసెంబరులో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టాలా వద్దా అని యూనియన్‌లోని 27 దేశాల నేతలు బ్రస్సెల్స్‌లో కూర్చున్నారు. ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుంది. హంగరీ ప్రధాని ఓర్బాన్ ససేమిరా అన్నారు. చివరికి ఆయన గదిలోంచి బయటికి వెళ్లారు, మిగతా 26 మందీ సరే అనేశారు. ఆ రాత్రే ఉక్రెయిన్‌కి 5,000 కోట్ల యూరోల సాయాన్ని మాత్రం ఆయన ఆపేశారు. అది ఫిబ్రవరిలో గానీ కదల్లేదు. ఆయన ఎందుకు లేచి వెళ్లారు, వెళ్లి ఏం సాధించారు? దీని మీద రెండు పేజీలు రాయమనండి, తెలుగులోనైనా సరే. సొంతంగా ఆలోచించి రాస్తే ఈ రంగం ఆమెకు నప్పుతుంది. యాంకర్ చెప్పిన 'యూరప్ పనైపోయింది' అన్న మాటే తిప్పి రాస్తే, ఇంకా చాలా చదవాలి.

ఇక ఉద్యోగాలు. మీకు తెలిసిన సరుకుతోనే చెప్తాను. మన చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షించే కన్‌సైన్‌మెంట్ల వాటాని 2016లో యూరప్ 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అక్కడ కాగితం మీద మారిన అంకె మీ చెరువు గట్టు దాకా వచ్చింది. ఇప్పుడు ఉక్కు, అల్యూమినియం మీద కార్బన్ సుంకం (సరుకు తయారీలో వెలువడే కార్బన్‌ని బట్టి యూరప్ వేసేది) గొడవ నడుస్తోంది. ఇలాంటి నిబంధనలు చదివి, వాటి వెనక రాజకీయం కూడా పట్టుకుని, ఎగుమతి కంపెనీలకీ కన్సల్టెన్సీలకీ విడమరిచి చెప్పగలిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే మీ అమ్మాయి ముందు చూడాల్సింది ఇటే. ఢిల్లీలో పరిశోధన సంస్థలూ ఉన్నాయి గానీ, పోస్టులు కొన్నే, చాలావరకు కాంట్రాక్టు.

చదువుకి జేఎన్‌యూలో యూరప్ అధ్యయనాలకు ప్రత్యేక విభాగం ఉంది. యూరప్‌లో పీజీ చదవడానికి ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు. పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. ఫ్రెంచ్ ఇప్పుడే మొదలెట్టాలి. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) నేర్పుతారు.

దౌత్యమే కావాలంటే సివిల్స్ రాసి ఐఎఫ్ఎస్‌కి, అంటే మన విదేశాంగ సర్వీసుకి వెళ్లాలి. బ్రస్సెల్స్‌లోని మన రాయబార కార్యాలయమే యూరోపియన్ యూనియన్‌తో మన వ్యవహారాలూ చూస్తుంది. అమ్మాయి కోరుకున్న బల్ల అదే, కుర్చీ ఇవతలి వైపుది. ఈ మాట చెప్తే గ్రూప్స్ పుస్తకాల మీద మీ ఇద్దరి గొడవ కొంత చల్లారొచ్చు. ఫ్రెంచ్ క్లాసుకి ఫీజు కట్టేలోపు ఆ రెండు పేజీలూ రాయించండి.