ఫోన్ బొమ్మలో ఫోనే ఉండాలా?

ప్రశ్న: నేను పదిహేడేళ్ల విద్యార్థినిని. మా కళాశాలలో ‘డిజిటల్ శ్రేయస్సు’ అనే అంశంపై చిత్రకళా ప్రదర్శన పెడుతున్నారు. ఎన్ని చిత్తు బొమ్మలు వేసినా సంకెళ్లు, సాలెగూడు, ఫోన్‌లో ఇరుక్కున్న మనిషి తల తప్ప మరేమీ రావడం లేదు. నా స్నేహితులూ అవే వేస్తున్నారు. నిజానికి నాకు ఫోన్ అంటే ద్వేషమేమీ లేదు. నేనేం వేయాలి?

జవాబు: ద్వేషమేమీ లేదని రాశారే, మీ బొమ్మకు కావలసిన వస్తువు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. సంకెళ్లూ సాలెగూళ్లూ మీ అనుభవంలోంచి వచ్చినవి కావు. పెద్దల ఉపన్యాసాల్లోంచి, గోడపత్రికల్లోంచి వచ్చి చేతికి అలవాటైపోయినవి. పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్లిన ప్రతిసారీ నాకు అలాంటి బొమ్మలు డజన్ల కొద్దీ ఎదురవుతుంటాయి. వాటిలో గీత చక్కగానే ఉంటుంది, రంగులూ కుదురుతాయి, కానీ వేసినవారి గురించి నాకు తెలిసేదేమీ ఉండదు. డిజిటల్ శ్రేయస్సు అంటే ఫోన్‌ను తిట్టిపోయడం కాదు. తెరతో కలిసి గడిచే మన రోజుల్లో నిద్ర, ఏకాగ్రత, స్నేహాలు, మనశ్శాంతి ఎలా ఉన్నాయో గమనించుకోవడం. ఆ గమనింపులో అర్ధరాత్రి దాటాక కూడా ఆపలేకపోయిన రీల్స్ ఎంత నిజమో, దూరాన ఉన్న అక్క ముఖం వీడియో కాల్‌లో కనిపించగానే మనసు కుదుటపడటం కూడా అంతే నిజం.

నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న ఒక అబ్బాయి ఈ అంశంపైనే వేసిన కాగితం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అందులో ఫోన్ లేదు, మనిషీ లేడు. నల్ల సిరాతో మూడేసి చుక్కలు, వరుస కింద వరుసగా, కాగితం అడుగుదాకా ఉన్నాయి. పై వరుసల్లో చుక్కలు గుండ్రంగా, సమంగా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ కలం ఒత్తిడికి కాగితం గీరుకుపోయింది. చివరి వరుసలో చుక్కలు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. అవతలివారు టైప్ చేస్తున్నప్పుడు తెరపై కదిలే చుక్కలవి. గొడవపడిన స్నేహితుడు ఏదో రాయబోయి, ఆపి, మళ్లీ మొదలుపెట్టి, చివరకు ఏమీ పంపకుండా ఊరుకున్న రాత్రిని ఆ అబ్బాయి అలా గీశాడు. దానికి బహుమతి రాలేదన్నది వేరే సంగతి.

ఎరిక్ పికర్స్‌గిల్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ మరో దారిలో ఇదే పని చేశాడు. ఫోన్ చూసుకుంటున్న మనుషులను ఉన్నచోట కదలకుండా ఉండమని చెప్పి, వారి చేతుల్లోంచి ఫోన్ తీసేసి, నలుపు తెలుపు ఛాయాచిత్రాలు తీశాడు. ఒకే మంచంపై వీపులు ఆనించుకుని పడుకుని, ఎవరి ఖాళీ అరచేతిని వారు చూసుకుంటున్న భార్యాభర్తల చిత్రం వాటిలో ఒకటి. ఫోన్‌ను చిత్రంలోంచి తీసేయడం వల్లే అది అంత గట్టిగా కనిపిస్తుంది.

అయితే అలాంటి క్షణం కూర్చున్నచోట తట్టదు. కొన్నాళ్లు కాపు కాయాలి. అందుకు నాకు తెలిసిన మంచి పద్ధతి ఒకటుంది. జార్జియా లూపీ, స్టెఫనీ పోసవెక్ అనే ఇద్దరు డిజైనర్లు, ఒకరు న్యూయార్క్‌లో, ఒకరు లండన్‌లో ఉంటూ, 52 వారాలపాటు వారానికొక పోస్టుకార్డు ఒకరికొకరు పంపుకున్నారు. ఆ వారంలో ఎన్ని తలుపులు దాటారు, ఎన్నిసార్లు ఫిర్యాదు చేశారు, ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పారు వంటి చిన్న సంగతులను లెక్కబెట్టి, అంకెలు వేయకుండా చుక్కలుగా, గీతలుగా, రంగులుగా కార్డుపై గీశారు. ఆ కార్డులను న్యూయార్క్‌లోని ఆధునిక కళా సంగ్రహాలయం 2016లో తన సేకరణలో చేర్చుకుంది. మీరూ ఒక వారంపాటు ఫోన్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ పుస్తకంలో ఒక గుర్తు పెట్టండి. అవసరం కోసం తీస్తే ఒక రంగు, విసుగు పుట్టి తీస్తే ఒకటి, ఎవరైనా గుర్తొచ్చి తీస్తే ఇంకొకటి, ఎందుకు తీశారో మీకే తెలియకపోతే పెన్సిల్ గీత. ఎంతసేపు చూశామో చెప్పే స్క్రీన్ టైమ్ సదుపాయాలు 2018 నుంచి ఫోన్లలోనే ఉన్నాయి గానీ, ఎందుకు చూశామో అవి చెప్పలేవు. వారం తిరిగేసరికి పెన్సిల్ గీతలు ఎక్కడ గుంపుకట్టాయో చూస్తే మీ బొమ్మ అక్కడి నుంచే మొదలవుతుంది. కళాశాలవారు సంకెళ్లే కావాలంటే మాత్రం ఆ వారం పుస్తకాన్ని మీ దగ్గరే దాచుకుని, వారికి సంకెళ్లే ఇవ్వండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. వాడి గది సర్దుతుంటే బొమ్మల పుస్తకం కనబడింది. పేజీ నిండా నల్లరంగు, మధ్యలో ముఖం లేని పిల్లవాడు, చుట్టూ కళ్లే కళ్లు. ఫోన్ వల్లే ఇలా తయారయ్యాడేమోనని భయంగా ఉంది. ఫోన్ తీసేసుకోమంటారా?

జవాబు: ఆత్రపడకండి అమ్మా. నల్లరంగు వాడినంత మాత్రాన మనసు బాగోలేదని అర్థం కాదు. ఆ వయసులో చాలామంది పిల్లలు నలుపును ఇష్టంగా వాడతారు. ఆ వయసులో నేనూ వాడాను, మా అమ్మా మీలాగే భయపడింది. బొమ్మకు అర్థం చెప్పే పని మీరు చేపట్టకుండా, పుస్తకం కనబడిందని, తెరిచి చూశానని ముందు ఒప్పుకుని, ఆ తర్వాత ‘ఈ కళ్లు ఎవరివి నాన్నా?’ అని అడగండి. అవి తరగతి గ్రూపులో తన ఫొటోను చూసి నవ్విన వారివి కావచ్చు, తాను ఆడే ఆటలోని ఒక పాత్రవి కావచ్చు, మీవే కావచ్చు. జవాబు వినకముందే ఫోన్ లాక్కుంటే, నిజం గీస్తే శిక్ష పడుతుందన్న పాఠం వాడికి ఒంటబడుతుంది, ఆ తర్వాత పుస్తకంలో పూలూ కొండలే కనిపిస్తాయి.

వాడు నిద్ర, తిండి తగ్గించుకున్నా, స్నేహితులకు దూరంగా ఉంటున్నా, చదువు హఠాత్తుగా పడిపోయినా, బొమ్మల్లో గానీ మాటల్లో గానీ తనకు తాను హాని చేసుకునే ప్రస్తావన కనబడినా ఆలస్యం చేయకూడదు. ఆ సంగతి వాడినే సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. వెంటనే మానసిక వైద్యులను కూడా కలవండి. కళతో చికిత్స చేసే పద్ధతి ఒకటి ఉన్న మాట నిజమే. క్షయతో శానిటోరియంలో ఉండగా బొమ్మలు వేసి ఊరట పొందిన ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు 1942లో దానికి ‘ఆర్ట్ థెరపీ’ అని పేరు పెట్టాడు. కానీ అది శిక్షణ పొందినవారు చేయవలసిన పని. ఇంట్లో వేసుకునే బొమ్మ పిల్లవాడికి ఊరట ఇవ్వవచ్చు, మీకు ఒక కిటికీ తెరవవచ్చు. చికిత్స అవసరమైన చోట మాత్రం అది చాలదు.

ప్రశ్న: లైకుల కోసం తపించే మనిషిని ట్యాబ్‌పై గీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. పెట్టినప్పటి నుంచి దానికెన్ని లైకులు వచ్చాయో చూసుకుంటూనే ఉన్నాను. ఇరవై ఏళ్లవాడిని, నామీద నాకే నవ్వొస్తోంది. ఇలాంటి బొమ్మలు వేసే అర్హత నాకుందా?

జవాబు: అర్హత మీకు కాక ఇంకెవరికుంది? ఆ జబ్బు రుచి తెలిసినవారే దాన్ని గీయగలరు. అయితే మీ మొదటి బొమ్మలో ఉన్నది ఎవరో ఒక మనిషి. రెండో బొమ్మలో మీరు ఉండాలి, చేతిలో ఆ మొదటి బొమ్మ కనిపించే ట్యాబ్‌తో సహా. ఇక ఆచరణకు వస్తే, లైకుల సంఖ్యను కనబడకుండా దాచుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్‌లో 2021 నుంచి ఉంది, వాడి చూడండి. దానికన్నా బాగా పనిచేసేది, బొమ్మ పూర్తయ్యాక కనీసం వారం రోజులు ఎవరికీ చూపకుండా ఉంచుకోవడం. ఆ వారంలో దాన్ని రెండుమూడుసార్లు తెరిచి చూస్తారు, ఏదో ఒక గీత నచ్చక దిద్దుతారు. అప్పటికీ అది మీకు నచ్చుతూనే ఉంటే పెట్టండి.

ప్రశ్న: నేను చిత్రకళ ఉపాధ్యాయురాలిని. ఈ అంశంపై పిల్లలు వేసిన బొమ్మలను పాఠశాల గోడపై పెట్టి, మార్కులు కూడా వేయవచ్చా?

జవాబు: గీతకు, కూర్పుకు, రంగుకు మార్కులు వేయండి, బయటపెట్టిన బాధకు వేయకండి, లేకపోతే వచ్చే ఏడాది అందరూ బాధనే వేస్తారు. గోడపై పెట్టేముందు ప్రతి బిడ్డనూ విడిగా అడగండి, వద్దంటే కారణం అడగవద్దు. చాటింగ్ తెరను ఉన్నదున్నట్టు గీసిన బొమ్మల్లో ఇతర పిల్లల పేర్లు, ప్రొఫైల్ ఫొటోలు ఉండిపోతాయి. వాటిని మార్పించాకే మేకు కొట్టండి.