పావురాల ఘట్టం కాదు, అప్పగింత చూడండి

1995 నాటి 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే'లో రాజ్ తాను ప్రేమించిన సిమ్రన్ తండ్రికి తన మీద ఇష్టం కలిగించడం ద్వారానే ఆయనను పెళ్లికి ఒప్పించాడని మీరు వ్యాసంలో రాస్తే, మరి చెంపదెబ్బలు ఎందుకు తిన్నాడని చంద్రపూర్ కళాశాలలో మీ అధ్యాపకురాలు అడిగారన్నారు.

ఇష్టమైనవారి మాటకు మనిషి ఒప్పుకుంటాడన్న మీ సూత్రం తప్పు కాదు, కాని సగమే. సిమ్రన్ తండ్రి బల్‌దేవ్ సింగ్‌తో కలిసి పావురాలకు గింజలు వేయడం వల్ల ఇష్టం పుట్టిన మాట నిజమే. అయితే రాజ్, సిమ్రన్ కలిసి ఉన్న ఫొటో దొరికి లోపలి ఉద్దేశం బయటపడగానే ఆ చనువంతా మోసంగా కనబడి, కోపాన్ని రెట్టింపు చేసింది.

అసలు ఒప్పింపు ఆ తరువాతే మొదలవుతుంది. రాజ్ తన అబద్ధాన్ని ఒప్పుకొని, సిమ్రన్‌ను తండ్రికే అప్పగించి వెళ్లిపోతాడు. మనిషి తన లాభానికి విరుద్ధంగా మాట్లాడితే విశ్వసనీయత పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు వాల్‌స్టర్, ఆరన్సన్, అబ్రహామ్స్ 1966లో ప్రయోగం చేసి చూపారు. న్యాయస్థానాలకు మరింత అధికారం ఉండాలని వాదించిన నేరస్థుడి మాట కూడా అందులో చెల్లుబాటైంది. అదే ఏడాది మరో మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ వివరించిన ప్రతిఘటననూ, అంటే తన నిర్ణయ స్వేచ్ఛను లాక్కుంటున్నారనిపిస్తే మనిషి ఎదురుతిరగడాన్నీ చేర్చండి: ప్రేమికులిద్దరూ లేచిపోయి ఉంటే తండ్రి చేతిలోని నిర్ణయాన్ని లాక్కున్నట్లయ్యేది, అప్పగించడంతో అది ఆయనకే తిరిగి దక్కింది, కనుక రైల్వే స్టేషనులో కూతురి చెయ్యి వదలడం ఆయన సొంత నిర్ణయమైంది. (మా బల్లార్షాలో సంబంధాలు కుదిర్చే పెద్దలు 'మీ మాటే మాట' అంటూ లేచి చెప్పులు వేసుకోవడంలోని నేర్పు కూడా ఇదేనని నా అనుమానం.)

పావురాలను ఒక పేరాకు కుదించి, మిగిలిన చోటంతా అప్పగింతకు ఇవ్వండి.